వసూలు సాధనం నుంచి విజ్ఞాన సాధనానికి: విశ్వవిద్యాలయ భవనాల విద్యుత్ పొదుపులో మీటరు చరిత్ర

వ్యాససంగ్రహం

విశ్వవిద్యాలయ భవనాల్లో విద్యుత్ వినియోగాన్ని తగ్గించడానికి దత్తాంశాల విశ్లేషణను ఉపయోగించడం గత నాలుగు దశాబ్దాల్లో క్రమంగా రూపుదిద్దుకున్న పద్ధతి. దీన్ని సాధారణంగా కంప్యూటర్ల చరిత్రలో భాగంగా పరిగణిస్తారు. మీటరు చరిత్రలో భాగంగా చూసినప్పుడు మాత్రమే తెలుగు ప్రాంతాల అనుభవం స్పష్టపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగునాట మీటరు వసూలు సాధనంగా ప్రవేశించింది. అది విజ్ఞాన సాధనంగా మారడానికి మూడు షరతులు అవసరమయ్యాయి: మీటరును సరైన చోట అమర్చడం, లెక్కను తగినంత తరచుగా నమోదు చేయడం, ఆ లెక్కను చదివి నిర్ణయం తీసుకునే అధికారం ఒకరికి ఉండడం. హైదరాబాదులో జరిగిన క్షేత్ర ప్రయోగాలు, అమెరికా, ఢిల్లీ ప్రాంగణాల అనుభవాలు, కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతపు పరిస్థితులు ఆధారంగా ఈ ప్రతిపాదనను పరిశీలించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: విద్యుత్ పొదుపు, విశ్వవిద్యాలయ భవనాలు, దత్తాంశ విశ్లేషణ, మీటరు, చల్లని పైకప్పు, ఉష్ణ సౌఖ్యం, చిల్లకల్లు

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద, జగ్గయ్యపేట మండలంలో ఉన్న చిల్లకల్లు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చెందిన గ్రామం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో అది ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. ఈ ప్రాంతపు నేల అడుగున సున్నపురాయి ఉంది. జయంతిపురం, ముక్త్యాల పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఇదే రహదారి మీద తూర్పున, కొండపల్లి దాపున ఉన్న ఇబ్రహీంపట్నంలో విజయవాడ తాపవిద్యుత్ కేంద్రపు తొలి యూనిట్ 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. అంటే విద్యుత్తును పుట్టించే కేంద్రం, దాన్ని భారీగా వాడే పరిశ్రమ రెండూ ఈ మెట్ట ప్రాంతానికి ఇరుగుపొరుగులే.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించదగినది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద, ఏడాదికి 30,000 టన్నుల చమురుకు సమానమైన ఇంధనాన్ని వాడే సిమెంటు కర్మాగారాలు తమ వినియోగాన్ని కొలిచి నివేదించవలసి ఉంటుంది. 2012లో మొదలైన ‘పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్’ పథకం మొదటి విడతలో దేశవ్యాప్తంగా 8 రంగాలకు చెందిన 478 సంస్థలకు లక్ష్యాలు విధించారు. వాటిలో సిమెంటు ఒకటి. 2014–15తో ముగిసిన ఆ విడతలో 66.86 లక్షల టన్నుల లక్ష్యానికి 86.7 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఇంధనం ఆదా అయింది. ఈ పద్ధతిలో ఒక టన్ను ఉత్పత్తికి ఎంత ఇంధనం ఖర్చయిందన్నది తనిఖీకి నిలిచే సంఖ్య. అదే ప్రాంతపు విద్యార్థి పై చదువులకు చేరే విశ్వవిద్యాలయంలో ఒక తరగతి గదికి, ఒక ప్రయోగశాలకు, ఒక వసతి గృహానికి ఎంత విద్యుత్తు ఖర్చవుతున్నదో చెప్పగల లెక్క సాధారణంగా దొరకదు. కొలతలను బోధించే సంస్థే తన కొలతకు దూరంగా ఉండిపోవడానికి కారణాలు చారిత్రకమైనవి.

2. తెలుగునాట మీటరు: వసూలు చరిత్ర

1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి కాలంలో మీటరు ప్రధానంగా బిల్లు కోసం ఉద్దేశించినది. 1980ల తొలినాళ్ల నుంచి వ్యవసాయ పంపుసెట్లకు హార్స్‌పవర్‌ను బట్టి స్థిర రుసుము విధించే పద్ధతి వచ్చింది. దానితో వ్యవసాయ కనెక్షన్ల మీటరుకు పని లేకుండా పోయింది. అప్పటి నుంచి వ్యవసాయ వినియోగం కొలిచిన సంఖ్యగా కాక, అంచనా వేసిన సంఖ్యగా లెక్కల్లోకి ఎక్కింది. 1998 నాటి సంస్కరణల చట్టం ప్రకారం 1999 ఫిబ్రవరిలో మండలి విడిపోయి ఉత్పత్తి, సరఫరా సంస్థలు వేరయ్యాయి. 2000లో చార్జీల పెంపుపై వెల్లువెత్తిన నిరసన ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు దారితీసింది. 2004 మేలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమల్లోకి వచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నగదు బదిలీ పద్ధతిలో భాగంగా వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు అమర్చాలని నిర్ణయించి, శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా ప్రారంభించినప్పుడు అది మళ్లీ వివాదాస్పదమైంది.

ఈ పరిణామాలు పొలానికి సంబంధించినవే అయినా, మీటరు పట్ల సమాజంలో స్థిరపడిన భావాన్ని అవి తెలుపుతాయి. మీటరు అంటే బిల్లు. బిల్లు అంటే భారం. విద్యాసంస్థల్లోనూ ఈ భావమే వేరే రూపంలో కొనసాగింది. పెద్ద ప్రాంగణాలకు విద్యుత్తు సాధారణంగా 11 కిలోవోల్టుల స్థాయిలో ఒకే చోట అందుతుంది. అక్కడి హెచ్‌టీ మీటరు రీడింగు ప్రకారం నెలకొక బిల్లు వస్తుంది. బిల్లు చెల్లించేది పరిపాలన విభాగం. విద్యుత్తును వాడేది శాఖలు, ప్రయోగశాలలు, వసతి గృహాలు. వాడేవారికి బిల్లు కనబడదు. చెల్లించేవారికి వాడకం కనబడదు. పంపిణీ సంస్థకు కావలసిన లెక్క ఆ ఒక్క మీటరుతో పూర్తవుతుంది. విశ్వవిద్యాలయానికి కావలసిన లెక్క అక్కడి నుంచే మొదలు కావాలి. పంపిణీ సంస్థ అవసరానికి పెట్టిన మీటరును సంస్థ తన మీటరుగా భావించడం వల్ల రెండో లెక్క మొదలు కాలేదు.

3. భవనాలు మారిన తీరు

లెక్క అవసరం ఎప్పుడు పెరిగిందో తెలియడానికి భవనాల చరిత్రను చూడాలి. 1939లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనం మందమైన రాతి గోడలు, ఎత్తైన కప్పులతో నిర్మితమైంది. అటువంటి భవనంలో ఎండ తీవ్రతను తగ్గించే పని చాలావరకు కట్టడమే చేస్తుంది. తరువాతి దశాబ్దాల్లో వచ్చిన పలుచని కాంక్రీటు కప్పులు, పెద్ద అద్దాల కిటికీలు, కంప్యూటర్ ప్రయోగశాలలు, ఏసీ సెమినార్ హాళ్లు ఆ పనిని యంత్రాలకు అప్పగించాయి. దానితో వేసవి వేడిమి నేరుగా విద్యుత్ బిల్లులోకి ప్రవేశించింది.

ప్రభుత్వ స్పందన మొదట నిర్మాణ నియమాల రూపంలో వచ్చింది. ఇంధన సామర్థ్య సంస్థ 2007లో ఇంధన పొదుపు భవన నియమావళిని ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో దాన్ని రాష్ట్రానికి అన్వయించి ఉత్తర్వులిచ్చింది. 2017 నాటి సవరించిన నియమావళి విద్యాభవనాలను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. హైదరాబాదులో సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి కట్టడంగా పేరు తెచ్చుకుంది. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు.

ఈ ప్రయత్నాల విలువ కాదనలేనిది. కాని నియమావళి భవనం ఎలా కట్టాలో చెబుతుంది. కట్టిన తరువాత అది ఎలా నడుస్తున్నదో చెప్పదు. మంచి గాజు అమర్చిన గదిలో రాత్రంతా ఏసీ నడిచినా నియమోల్లంఘన కాదు. పైగా తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయ భవనాల్లో అధిక భాగం ఈ నియమాలకు ముందే కట్టినవి. వాటికి వర్తించే మార్గం నడకను కొలవడం ఒక్కటే.

4. నెల లెక్క నుంచి గంట లెక్కకు

నడకను కొలిచే శాస్త్రం 1970ల చమురు సంక్షోభం తరువాత అమెరికాలో రూపుదిద్దుకుంది. అందులో ప్రధాన సమస్య తర్కానికి సంబంధించినది. పొదుపు అనేది మీటరు మీద కనిపించే రాశి కాదు. చర్య తీసుకోకపోతే ఎంత ఖర్చయ్యేదో, తీసుకున్నాక ఎంత ఖర్చయిందో, ఆ రెండింటి తేడాయే పొదుపు. మొదటి సంఖ్య ఎన్నడూ జరగని దానికి సంబంధించినది కాబట్టి దాన్ని అంచనా వేయక తప్పదు. ఈ సంవత్సరం మే నెల బిల్లు నిరుటి మే కంటే తగ్గితే, కారణం కొత్త యంత్రాలా, చల్లబడిన వాతావరణమా, ముందే వచ్చిన సెలవులా అన్న ప్రశ్న మిగులుతుంది.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ ఫెల్స్ 1986లో ప్రచురించిన ‘ప్రిజమ్’ పద్ధతి దీనికి ఒక సరళమైన సమాధానం ఇచ్చింది. నెలసరి బిల్లును బయటి ఉష్ణోగ్రతతో జోడించి, వినియోగాన్ని రెండు భాగాలుగా విడదీసింది. ఒకటి వాతావరణంతో నిమిత్తం లేని స్థిర భాగం. రెండోది ఉష్ణోగ్రతను బట్టి మారే భాగం. రెండు సంవత్సరాల బిల్లులను ఒకే రకమైన వాతావరణానికి సరిచేసి పోల్చడం దీనితో సాధ్యమైంది.

1988లో టెక్సస్ రాష్ట్రం ‘లోన్‌స్టార్’ అనే రుణ పథకాన్ని ప్రారంభించింది. ప్రభుత్వ భవనాలకు, వాటిలో భాగంగా విశ్వవిద్యాలయ భవనాలకు, సామర్థ్యం పెంచే పరికరాల కోసం అప్పిచ్చి, ఆదా అయిన సొమ్ముతో తీర్చుకోవడం దాని పద్ధతి. అప్పు తీరాలంటే ఆదా రుజువు కావాలి. అందుకోసం టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు శక్తి వ్యవస్థల ప్రయోగశాల భవనాలకు గంటగంటకూ నమోదయ్యే మీటర్లు అమర్చింది. పరికరాల వల్ల వచ్చిన ఆదాను లెక్కించబోయిన పరిశోధకులకు గంట లెక్కల్లో మరొక విషయం కనిపించింది. జనం లేని వేళ నడిచే పంకాలు, ఒకే గదిని ఏకకాలంలో వేడి చేస్తూ చల్లబరుస్తూ పోయే యంత్రాలు, తప్పుగా అమర్చిన నియంత్రణలు బయటపడ్డాయి. కొత్త యంత్రం కొనకుండా నడకను సరిదిద్దడం ద్వారానే గణనీయమైన ఆదా సాధ్యమని తేలింది. ఈ అనుభవం నుంచే భవనాన్ని నిరంతరం పరిశీలిస్తూ సవరించే పద్ధతి ఒక శాస్త్రీయ విధానంగా పుట్టింది. అప్పు వసూలు కోసం పెట్టిన మీటరు విజ్ఞాన సాధనంగా మారిన స్పష్టమైన సందర్భం ఇది.

5. హైదరాబాదు ప్రయోగాలు

తెలుగు నేల మీద ఇటువంటి కొలతకు చెప్పుకోదగిన ఉదాహరణ చల్లని పైకప్పుల ప్రయోగం. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల, హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ కలిసి హైదరాబాదు మహానగర ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద దీన్ని నిర్వహించి, 2011–12లో ఫలితాలు ప్రచురించాయి. నల్లని పైకప్పును తెల్లగా మార్చినప్పుడు కప్పు వైశాల్యంలో చదరపు మీటరుకు ఏడాదికి 20–22 యూనిట్లు ఆదా కాగలవని తేలింది. శీతలీకరణ వినియోగంలో ఇది 14–26 శాతం. పూతలేని కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఆదా 13–14 యూనిట్లు, అంటే 10–19 శాతం.

వేసవికి ముందు డాబాకు సున్నం కొట్టడం తెలుగు ఇళ్లలో తెలియని పని కాదు. సున్నపురాయి దొరికే జగ్గయ్యపేట సీమకు అది మరింత దగ్గరి పని. ప్రయోగం దానికి జోడించినది సంఖ్య. ఎంత ఆదా, ఏ కప్పుకు, ఏ పరిస్థితిలో అన్నది తెలిసిన తరువాతనే ఒక వాడుక విధానంగా మారగలిగింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ఈ క్రమంలోనిదే.

రెండో ఉదాహరణ మనుషుల దత్తాంశానికి సంబంధించినది. మాధవి ఇంద్రగంటి 2008 వేసవి, వర్షాకాల ఆరంభ మాసాల్లో హైదరాబాదులోని ఏసీ లేని అపార్ట్‌మెంట్లలో నివాసుల ఉష్ణ సౌఖ్యాన్ని అధ్యయనం చేశారు. వారు సౌకర్యంగా భావించిన ఉష్ణోగ్రతలు సుమారు 26 నుంచి 32.5 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్నట్లు, తటస్థ ఉష్ణోగ్రత 29 డిగ్రీలు దాటినట్లు ఆమె కనుగొన్నారు. అప్పటి భారతీయ ప్రమాణాలు సూచించిన 23–26 డిగ్రీల కంటే ఇది చాలా ఎక్కువ. అధ్యయనం నివాసాలకు సంబంధించినది కాబట్టి ప్రయోగశాలలకు, గ్రంథాలయాలకు యథాతథంగా వర్తించదు. అయినా యంత్రాన్ని ఏ ఉష్ణోగ్రత వద్ద ఉంచాలన్న నిర్ణయం ఈ నేల మనుషుల అనుభవం నుంచి రావాలని అది నిరూపించింది. 2020 జనవరి నుంచి గది ఏసీలకు 24 డిగ్రీల ప్రాథమిక అమరిక తప్పనిసరి కావడాన్ని కూడా ఈ వెలుగులో చూడవచ్చు.

2012లో మొదలైన భారత–అమెరికా ఉమ్మడి భవన ఇంధన పరిశోధన కేంద్రంలో అహ్మదాబాదులోని సెప్ట్ విశ్వవిద్యాలయం నాయకత్వాన హైదరాబాదు సంస్థ కూడా భాగస్వామి అయింది. ఆ సంస్థే తన ప్రాంగణంలో నెలకొల్పిన లివింగ్ ల్యాబ్‌లో గాలి, నీరు, విద్యుత్తులను సెన్సర్లతో నమోదు చేస్తూ ప్రాంగణాన్నే పరిశోధన వస్తువుగా చేసుకుంది. పాత నీటి మీటరును తొలగించకుండా, దాని అంకెలను చిన్న కెమెరాతో చదివించే పరికరం అక్కడ రూపొందింది. నిధులు తక్కువగా ఉన్న సంస్థలకు ఈ ఆలోచన ఉపయుక్తం. కొలత మొదలుపెట్టడానికి ఉన్నదాన్ని పారవేయనక్కరలేదు.

6. ఎవరి దత్తాంశం?

ఢిల్లీలోని ఇంద్రప్రస్థ సమాచార సాంకేతిక సంస్థ తన ప్రాంగణ భవనాల విద్యుత్ వినియోగాన్ని నిమిషానికొకసారి చొప్పున 52 నెలలపాటు నమోదు చేసి, 2019లో ‘ఐ–బ్లెండ్’ పేరుతో పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచింది. వైఫై ఆధారంగా అంచనా వేసిన జనసంఖ్య వివరాలను కూడా దానికి జోడించింది. జనం ఎంతమంది ఉన్నారో తెలిస్తే వృథా ఏదో, అవసరం ఏదో వేరు చేయవచ్చు. అందువల్ల ఇది విలువైన సంపద.

ఇక్కడే ఒక నైతిక ప్రశ్న తలెత్తుతుంది. వసతి గృహంలో ఒక గది విద్యుత్ రేఖను నిమిషం నిమిషం చూస్తే అందులోని విద్యార్థి ఎప్పుడు నిద్రపోయాడో, ఎప్పుడు ఊరికి వెళ్లాడో ఊహించవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టం తరువాత ఈ విషయాన్ని ఉపేక్షించే వీలు లేదు. భవనం స్థాయి లెక్కతో సరిపోయే పనికి గది స్థాయి లెక్క సేకరించకపోవడం మంచి నియమం. లేనిపక్షంలో పొలంలో వసూలు భయం కలిగించిన మీటరు వసతి గృహంలో నిఘా భయం కలిగిస్తుంది.

7. మెట్ట ప్రాంత కళాశాలకు అన్వయం

ఈ చరిత్ర ఖరీదైన సాంకేతికత ఉన్న సంస్థలకే పరిమితమా అన్నది తేల్చవలసిన విషయం. జగ్గయ్యపేట, నందిగామ వంటి పట్టణాల్లోని కళాశాలలకు సెన్సర్లు, సర్వర్లు అందుబాటులో లేకపోవచ్చు. కాని ప్రిన్స్‌టన్ పద్ధతికి కావలసినవి నెలసరి బిల్లులు, నెల సగటు ఉష్ణోగ్రతలు మాత్రమే. మూడు సంవత్సరాల బిల్లులు అకౌంట్స్ విభాగపు ఫైళ్లలో ఉంటే విశ్లేషణకు ముడిసరుకు ఉన్నట్లే.

తరువాతి మెట్టు రోజుకు రెండు రీడింగులు. సాయంత్రం కళాశాల మూసే వేళ, ఉదయం తెరిచే వేళ మీటరు చదివి రిజిస్టరులో రాస్తే రాత్రి వినియోగం తెలుస్తుంది. ఉదాహరణకు, జనం లేని 12 గంటల రాత్రిలో 5 కిలోవాట్ల భారం వృథాగా నడుస్తున్నదనుకుంటే, ఏడాదికి అది 21,900 యూనిట్లు. వాటర్ కూలర్లు, ఆపకుండా వదిలేసిన కంప్యూటర్లు, వరండా దీపాలు కలిస్తే ఇంతటి భారం అసాధారణం కాదు. ఆదివారపు రీడింగును సోమవారంతో పోల్చడం రెండో పరీక్ష. సెలవు నాటి వినియోగం పనిదినానికి దగ్గరగా ఉంటే ఆ ఖర్చు బోధనకు సంబంధించినది కాదని తేలుతుంది.

మూడోది బిల్లును చదవడం. హెచ్‌టీ వినియోగదారుకు డిమాండు చార్జీని నమోదైన గరిష్ఠ డిమాండు మీద గాని, ఒప్పంద డిమాండులో 80 శాతం మీద గాని, ఏది ఎక్కువైతే దాని మీద విధిస్తారు. 500 కేవీఏ ఒప్పందం ఉన్న సంస్థ తన గరిష్ఠ డిమాండును 380 నుంచి 300కి తగ్గించినా చెల్లించేది 400 మీదనే. ఒప్పందాన్ని సవరించుకుంటే తప్ప ఆ శ్రమ డిమాండు చార్జీలో ప్రతిఫలించదు. సాంకేతిక విశ్లేషణ పరిపాలన నిర్ణయంతో కలవకపోతే ఫలితం ఎలా ఆవిరవుతుందో ఈ లెక్క చూపుతుంది.

2021లో కేంద్రం ఆమోదించిన పంపిణీ రంగ పునర్వ్యవస్థీకరణ పథకం దేశంలో 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లను లక్ష్యంగా పెట్టుకుంది. తరచుగా నమోదయ్యే లెక్క రాబోయే కాలంలో అరుదైన వస్తువు కాబోదు. పంపిణీ సంస్థ వద్ద పోగయ్యే ఆ లెక్కను కళాశాల అడిగి తీసుకుంటుందా, దాన్ని చదివే మనిషిని నియమిస్తుందా అన్నదే అసలు విషయం.

8. ఉపసంహారం

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు వెలువడుతున్నాయి. మొదటిది, విశ్లేషణకు గణన పద్ధతి కంటే ముందు మీటరు స్థానం ముఖ్యం. ప్రాంగణం మొత్తానికి ఒకే మీటరు ఉన్నంతకాలం ఎంతటి కంప్యూటరూ ఏ భవనం బాధ్యురాలో చెప్పలేదు. రెండోది, టెక్సస్‌లో రుణం తీర్చవలసిన అవసరం, సిమెంటు రంగంలో చట్టం విధించిన లక్ష్యం కొలతను నిలబెట్టాయి. తెలుగు విశ్వవిద్యాలయాల్లో అటువంటి ఒత్తిడి లేకపోవడమే కొలత లోపించడానికి ప్రధాన కారణం. ఆదా చేసిన సొమ్ములో కొంత భాగం ఆ శాఖ గ్రంథాలయానికో, ప్రయోగశాలకో దక్కేటట్లు చేస్తే లెక్క చదివే ఆసక్తి సహజంగా కలుగుతుంది. మూడోది, పొదుపు పేరుతో సౌకర్యాన్ని హరించకూడదు. మెట్ట ప్రాంతపు వేసవిలో పంకా ఆపి చూపించిన తగ్గుదల పొదుపు కాదు, లేమి. ఆ రెండింటినీ వేరుచేసి చూపగలగడమే దత్తాంశ విశ్లేషణకు ఉన్న ప్రధాన ప్రయోజనం.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నిర్వహణ నిధుల కొరత అందరికీ తెలిసినదే. వృథాగా పోయే ప్రతి యూనిట్ ఒక పుస్తకం, ఒక రసాయనం, ఒక పరిశోధక విద్యార్థి ఫెలోషిప్‌లో కొంత భాగం. ఈ దృష్టితో చూస్తే ప్రాంగణ విద్యుత్ లెక్క ఇంజనీరింగ్ విభాగానికి మాత్రమే పరిమితమైన పని కాదు. వాతావరణాన్ని అధ్యయనం చేసే భూగోళశాస్త్రం, అంచనాలు వేసే గణాంకశాస్త్రం, నిర్ణయాల స్వభావాన్ని పరిశీలించే ప్రభుత్వ పాలనాశాస్త్రం, పాత బిల్లులను ఆధారపత్రాలుగా చదవగల చరిత్ర విభాగం అన్నింటికీ అందులో పాలు ఉంది. అకౌంట్స్ గదుల్లో మూటగట్టి ఉన్న బిల్లులను రద్దు కాగితాలుగా అమ్మివేయకముందే భద్రపరచడం ఆ దిశలో తొలి పని.